సీమేలే పాపా

నాయనా,

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. నిన్న తిరుపతిలో, మా కాలేజీ ల్యాబులో నువ్వు గుర్తొచ్చావు.

మేడం భూతద్దం కింద ఒక పురుగును పెట్టి, అదేమిటో చెప్పమంది. నల్లటి తల, నారింజరంగు ఒళ్లు. "చీమ" అన్నాను, నువ్వు చెప్పిన మాటే.

"నడుం దగ్గర నీలంగా ఏముండాదో చూడమ్మా" అంది.

పొట్టి రవిక తొడిగినట్టు రెండు చిన్న రెక్కల డొప్పలు. వాటి కిందనుంచి పొట్టంతా బయటికే ఉంది, కొస నలుపు. చీమకు డొప్పలెక్కడివి? ఇది పేడెరస్ అనే పురుగట. కుట్టదు, కరవదు. ఒంటి మీద నలిపితే మాత్రం దాని రసానికి చర్మం చారగా కాలి బొబ్బలు లేస్తాయట.

మన ఊరు ఐరాలలో వానాకాలం దీపం ముందు కూర్చుంటే నా మెడ మీద పాకింది ఇదే నాయనా! "సీమేలే పాపా, సచ్చిపాయె" అని బొటనవేలితో నలిపేసేవాడివి. తర్వాత బొబ్బలు లేస్తే అక్కి అనుకునేవాళ్లం. అక్కికి కుమ్మరి చెయ్యే మందు కదా, మన కుమ్మరింట్లో నువ్వే ఎర్రజాజు కలిపి, అక్కి తగ్గాలని నా మెడ మీద సింహం బొమ్మ రాసేవాడివి. నలిపిందీ నువ్వే, రాసిందీ నువ్వే!

సాయంత్రం హాస్టల్లో లైటు కింద మళ్లీ ఒకటి నా మెడ మీద వాలింది. పక్కమంచం సుగుణ చెయ్యెత్తింది. "నలపొద్దే, ఊదు!" అని అరిచాను. ఊదేసింది.

పొద్దున అద్దంలో చూసుకున్నాను. మెడ మీద ఏమీ లేదు. నువ్వు సింహాన్ని రాసే చోట చెయ్యి పెట్టుకున్నాను.