గోడను మోస్తున్న మగ్గం

గుట్టకిందపల్లె, నగరి దారి,
చిత్తూరు జిల్లా. అక్టోబరు 1978.

అసిస్టెంటు ఇంజనీరు గారి సముఖమునకు, నేతపని చేసుకొను చెంగల్రాయుడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా యింటి వెనుక గోడను తోయుచున్న సర్కారు మట్టిని తవ్వుటకు అనుమతి కోరుట గురించి.

1. మా యిల్లు గుట్ట వాలులో ఉన్నది. వెనుక గోడ సగం వరకు మట్టిలోనే ఉండును. ప్లానులో గీసినట్లే అడుగున వెడల్పుగా, పైకి పోను సన్నముగా కట్టితిమి. గుట్ట నీరు గోడ వెనుక నిలువకుండా గోడకు బొక్కలు, వచ్చిన నీరు బయటికి పోవుటకు లోపల చిన్న కాలువ కూడా పెట్టితిమి.

2. సదరు బొక్కలలో మా నాయన కుప్పయ్య గుడ్డపీలికలు కుక్కినాడు. ఇందులో దురుద్దేశము లేదు. ఆ గోడ పక్కనే గుంత తవ్వి మగ్గం దింపినాడు. గదిలో చెమ్మ ఉంటేనే నూలు తెగదు. గోడ చెమర్చినప్పుడు, "మంచిదే అబ్బా, పోగు గట్టిగా ఉండాది" అన్నాడు. మేమందరమూ సంతోషించితిమి.

3. మొన్న ఎండాకాలం తమ సిబ్బంది పైన రోడ్డు వెడల్పు చేసి, తీసిన మట్టినంతా మా గోడ వెనుక పోసినారు. వానలకు అది నాని, గోడ ఉబ్బి మగ్గం మీద ఒరిగినది. మగ్గం పోయి వాకిలి గోడకు తన్నుకొన్నది. తలుపు బిగుసుకొని మా నాయన లోపల చిక్కినాడు. కిటికీ కమ్ముల సందులోంచి సంగటి అందిస్తున్నాము.

4. తలుపు పగలగొట్టినా, కమ్ములు పెరికినా మగ్గం కదులుననీ, మగ్గం కదిలితే గోడ నాయన మీద పడుననీ మేస్త్రీ చెప్పినాడు. నాయన పీలికలు లాగి చూచినాడు. నీరు రాలేదు, బురద వచ్చి బిగిసినది. కావున మొదట గోడ వెనుకనున్న మట్టి తీయవలెను.

5. తీయబోతే తమ ఓవర్సీయరు గారు వచ్చి, అది సర్కారు మట్టి, పార ముట్టితే కేసు అన్నారు. మరుసటి దినము "ఈ కట్టడము అపాయకరము, వెంటనే ఖాళీ చేయవలెను" అను నోటీసు ఆ తలుపుకే అంటించినారు. నా భార్య మునిలక్ష్మి, "సామీ, ఆ తలుపు తెరిసి సూపించండి, ఇప్పుడే ఖాళీ చేస్తాము" అన్నది. జవాబు వ్రాతపూర్వకముగా పంపెదమని పోయినారు.

6. అడిగినప్పుడల్లా నాయన, "నేను బాగుండా, నువ్వు పోయి అన్నం తిను" అంటాడు. అయ్యా, నాకు భయముగా ఉన్నది. దీన్ని ఆఫీసు భాషలో ఎట్లు వ్రాయవలెనో తెలియదు.

కావున తమరు ఈ మనవి చిత్తగించవలెను, మట్టి తీయుటకు ఈ దినమే సెలవిప్పించవలెను.

తమ విధేయుడు,
చెంగల్రాయుడు

తా.క. సార్, వాన పట్టుకొన్నది. లోపలినుంచి నాయన, "రే చెంగా, మగ్గం కిర్రుమంటా ఉండాది" అంటున్నాడు. వీధి వీధంతా పారలు తీసుకొని పైకి పోతున్నాము. ఈ కాగితం మునిలక్ష్మి తెస్తుంది. కేసు పెట్టాలంటే నన్ను వెతికే పనిలేదు, గోడ వెనకాలే ఉంటాను. వచ్చేటప్పుడు మీరు కూడా ఒక పార తెచ్చుకోండి.