నాలుగు బిళ్ళలు

పరికరాల గది,
గురువారం, పద్నాలుగో తేదీ

పూజ్యులు బావగారికి,

మీ మరదలు నమస్కరించి రాస్తున్నది. మేమంతా క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను. మా ఇంట్లో ఒకరికి ఒక చెవి క్షేమంగా లేదని మీకు తెలుసు.

మీ జాకెట్ పాడైందనీ, కొత్తది ఎలాంటిది కొనాలో చెప్పమనీ అక్కతో కబురు చేశారు. ఇరవై ఏళ్ళుగా డైవింగ్ నేర్పుతున్న ప్రధాన శిక్షకులు, జాకెట్లు కడిగి ఆరేసే నన్ను అడగడం నా అదృష్టం! ఎదురుపడితే మొహం తిప్పుకుంటారు గానీ కబుర్లకేం లోటు లేదు. సరే, అడిగారు కనుక చెబుతాను.

గాలి నింపితే పైకి తేల్చేదీ, వదిలితే కిందికి పోనిచ్చేదీ జాకెట్టే కాబట్టి అది ఒంటికి సరిపోవాలి. తొడుక్కుని నిండా గాలి కొట్టండి. ఊపిరాడకపోతే చిన్నది. భుజాల దగ్గర పట్టుకుని లాగితే చెవుల దాకా వచ్చిందంటే పెద్దది. ఆ రోజు పడవలో నా కూతురికి మీరిచ్చింది చెవుల దాకా వచ్చింది. ఆ పిల్లకి బుడగ అని పేరు పెట్టింది మీరే, చిన్నప్పుడు నీళ్ళలో వదిలితే మునిగేది కాదని. పెదనాన్నా, వదులుగా ఉంది అంటే, నీళ్ళలోకి దిగితే అదే సర్దుకుంటుంది, ముందు కదులు అన్నారట.

జాకెట్ కన్నా ముఖ్యం, మునగడానికి నడుం బెల్టుకి తగిలించే బరువు బిళ్ళలు. కాళ్ళకి నేల అందని నీళ్ళలో, సామానంతా తగిలించుకుని, జాకెట్లో గాలి పూర్తిగా వదిలేసి, మామూలుగా ఊపిరి పీల్చి పట్టుకుని కదలకుండా ఉండాలి. నీళ్ళు కళ్ళ దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. రాయిలా పోతే బరువు ఎక్కువైనట్టే, ఒక్కో బిళ్ళా తీసెయ్యాలి. గాలి వాడేకొద్దీ సిలిండర్ తేలికవుతుంది, ఆ తేడాకి రెండు కిలోలు కలుపుకోవాలి. అంతా కలిపి పది నిమిషాల పని. పడవలో ఎనిమిది మంది ఎదురుచూస్తున్నారని మీకా పది నిమిషాలు లేకపోయాయి. త్వరగా మునుగుతుందని కిలో బిళ్ళలు నాలుగు అదనంగా కట్టి పంపారు. రాయిలా పోయింది బావగారూ. చెవులు సర్దుకునే వ్యవధి లేక ఎడమ చెవి పొర చిరిగిపోయింది. వైద్యుడు చేతులెత్తేశాడు.

అంతకన్నా నా కడుపు మండింది విచారణలో మీరు చెప్పిన మాటకి. పిల్లే తొందరపడి బరువులు ఎక్కువ కట్టుకుందన్నారు. ఒంటిమీద ఒక్క కిలో ఎక్కువున్నా మనిషికి తెలిసిపోతుంది, తెలిసే దూకింది అన్నారు. అది ఏడుస్తూ చెప్పిన నిజం ఎవరూ చెవిన పెట్టలేదు. అబద్ధాలకోరని రాసి డైవింగ్ స్కూలు నుంచి పేరు కొట్టేశారు. అక్కేమో, ఇంట్లో మాట ఇంట్లోనే ఉండనీ, పోనిద్దూ అంది. పోనివ్వను అన్నాను. నా పిల్ల పేరు నాకు తిరిగి కావాలి.

ఇంతకీ ఏ జాకెట్ కొనాలంటారా? ఏదీ కొనక్కర్లేదు.

మీ క్షేమం కోరే మరదలు అని రాద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

ఇట్లు,
బుడగ తల్లి

తా.క.: మీ జాకెట్‌కి ఏ రోగమూ లేదు. పోయిన శుక్రవారం నుంచి నిన్నటి దాకా మీ బెల్టులో నేను చేర్చిన నాలుగు బిళ్ళలు ఎక్కువున్నాయి. ఆ రోజు బుడగకి కట్టినవే. ఛాతీలోతు ఈతకొలనే, నేను గట్టు మీదే ఉన్నాను, గాభరాపడకండి. ఒక్క కిలో తెలిసిపోతుందన్న మహానుభావులు ఆరు రోజుల్లో ఒక్కరోజైనా బిళ్ళలు చూసుకోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, జాకెట్ తేల్చడం లేదు, మార్చండి అని పరికరాల పుస్తకంలో రోజూ రాసి సంతకం పెట్టారు. మీరు విప్పగానే బెల్టు తూచి, ఆ బరువు పక్కనే రాసి, మీ కింది శిక్షకుల చేత నేనూ సంతకం పెట్టించాను. ఈ ఉదయమే బిళ్ళలు తీసేశాను. పుస్తకం విచారణాధికారి బల్ల మీద ఉంది. రేపు పదింటికి తెరుస్తారు.

తొమ్మిదింటికి మా ఇంటికి రండి. ఆ రోజు నీకు బిళ్ళలు కట్టింది నేనేనని ముందు బుడగతో చెప్పండి, తర్వాత వెళ్ళి విచారణాధికారితో చెప్పండి. మీరు చెప్పకపోతే, నాలుగు కిలోలు ఎక్కువున్నా మీకే తెలియలేదని పుస్తకం చెబుతుంది. బుడగకి కుడిపక్కన కూర్చుని చెప్పండి బావగారూ. ఎడమవైపు నుంచి చెబితే వినపడదు.