బొమ్మల సినిమాలో వాన

ఏవండీ,

మన రూతుకి ఈ రోజు ఏడేళ్లు నిండాయి. మీరు మాటిచ్చినట్టే ఏలూరు తీసుకెళ్లి, పాటలున్న బాతుపిల్ల బొమ్మల సినిమా చూపించాను.

హాలు నిండా పిల్లలూ, తాతలూ, మామ్మలే. పాట వచ్చినప్పుడల్లా పిల్లలు తెర ముందుకెళ్లి గంతులేశారు. మన పిల్ల కూడా వెళ్లింది. మీరు పోయాక అది గెంతడం చూడలేదు నేను.

ఇంతలో తెర మీద వాన మొదలై, బాతుపిల్ల వాళ్ల నాన్న వరదలో కొట్టుకుపోయాడు. చేపల చెరువులో మీ పడవ బోల్తా పడిన రోజు కూడా అలాంటి వానే. ఆ సంగతి పిల్ల ఎప్పుడూ అడగలేదు, నేనూ ఎత్తలేదు. దాన్ని దగ్గరికి లాక్కుని, "ఇంటికెళ్లిపోదామమ్మా" అన్నాను.

"ఉండమ్మా, పాట అవ్వలేదు" అంది.

చివర్లో నాన్న బాతు తిరిగొచ్చాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం, ఇప్పుడు ఏమడుగుతుందోనని, మన ఊరికి వచ్చే మండవల్లి బస్సెక్కేదాకా దాని మొహం చూడలేకపోయాను.

బస్సులో అడగనే అడిగింది. "మన నాన్న రారు కదమ్మా?"

"రారమ్మా" అన్నాను. ఆ మాట పైకి అనడం నాకదే మొదలు. ఏడుస్తుందేమోనని గట్టిగా పట్టుకున్నాను.

అది కాసేపు కిటికీలోంచి చెరువుల వైపు చూసి, బాతుపిల్ల పాట సన్నగా ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర మాటలు గుర్తురాక ఆగిపోయి, "నాన్నకైతే ఒక్కసారి వింటే పాటంతా వచ్చేసేది" అంది.

రేపింకేం అడుగుతుందో అని భయంగానే ఉందండీ. అడిగితే మాత్రం చెబుతాను.

మీ సునీత