తెల్లబట్ట మీద నల్లదారం

డాకర్

చెల్లెలు పెందాకు, ఒళ్ళు బాగానే ఉంది, కన్నే మొరాయించింది. తబస్కీ పండక్కి తెల్లటి అంగీ కుడుతుంటే బట్ట మీద నల్లదారం కనబడింది. ఎంత ఏరినా పోదు. అంగీ ఆసామి నవ్వాడు: "ఏం దర్జీవయ్యా, లేని దారం ఏరుతున్నావు?"

ఆస్పత్రిలో డాక్టరమ్మ, "అది దారం కాదు పెద్దాయనా, నీ కంట్లో నెత్తురు. షుగరుంటే కంట్లో సన్నటి నెత్తుటి నరాలు పెళుసెక్కుతాయి. అందులో ఒకటి చిట్లింది," అంది. లేజరు పెట్టారు. కుట్టడానికి ఇంకా చూపు ఆనడం లేదు.

మన మూడు విడతల టీలో అన్నిటికన్నా తియ్యటి మూడో గ్లాసు మానేశాను, నువ్వూ మానెయ్యి. మేకలు ఈనాయా? పట్టపగలే ఇంట్లో దోమలు తిరుగుతున్నాయనీ, ఒక్కటీ చేతికి చిక్కదనీ రాశావు. నీకూ షుగరే కదమ్మా. దోమతెర కొనకు, రేపే బస్సెక్కి రా.

పిల్లలకు దీవెనలతో,
అన్న యోరో