కొలనులో దిగేముందు నా పట్టీల విషయమై

బోరబండలో కాపురముంటున్న మర్రి తిరుపతి భార్యను, మర్రి యాదలక్ష్మిని, వయసు ఇరవై నాలుగు, చదువు ఏడో తరగతి. నాకు మతి బాగానే ఉంది, జ్వరం లేదు, ఎవరి బలవంతమూ లేదు.

మా ఆయన నానక్‌రామ్‌గూడలో, సముద్రం అడుగున ఈదడం నేర్పే లోతైన కొలనులో నీళ్లు శుభ్రం చేస్తాడు. పనివాళ్ల ఇంటివాళ్లను ఒకసారి దిగనిస్తున్నారు. రేపు మేమిద్దరం గాలి సిలిండర్లు వీపుకు కట్టుకుని దిగుతాం. ప్రాణం పోతే పూచీ మాదేనని ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. అంత మాటకు సంతకం పెట్టే మనిషి వీలునామా కూడా రాయాలి కదా అని రాస్తున్నాను.

1. కుట్టుమిషను మా ఆయనకు. ఆయనకు సూదిలో దారం ఎక్కించడం రాదు. నేర్చుకోవాలి.

2. నా పెద్ద కత్తెర ఆడబిడ్డ వర్షితకు చెందకూడదు. దసరాకు దానితో రంగు కాగితాలు కత్తిరించి మొద్దు చేసింది. "గుడ్డల కత్తెర కాయితం కొయ్యదా వదినా?" అంది. నీలం పట్టుచీర మాత్రం వర్షితకే. దాని మీద ఆమెకు ఎప్పటినుంచో కన్నుంది.

3. అత్తమ్మ బుచ్చమ్మకు ఏమీ రాయలేదు. సాక్షికి వాటా రాస్తే పేచీ వస్తుందని విన్నాను, ఆమెను సాక్షిగా పెట్టుకున్నాను. ఇందులో కోపం లేదు. కొంచెం ఉంది.

4. అసలు సంగతి. సిలిండర్‌ను వీపున నిలిపే కట్టు రెండు రకాలు. ఒకటి కోటులా తొడుక్కునేది, జేబులు, ప్లాస్టిక్ క్లిప్పులు ఉంటాయి. రెండోది వీపున స్టీలు పలక, దానిలోంచి భుజాలు, నడుము చుట్టి వచ్చే ఒకే పొడుగు పట్టీ. మా ఆయన నన్నడగకుండా నాకు కోటు రాయించాడు. "ఆడోళ్లకు గదే మంచిగుంటది, జేబులు గూడ ఉన్నయ్" అన్నాడు. నీళ్ల అడుగున జేబుల్లో ఏం పెట్టుకుంటాను? అయినా తలూపాను. పెళ్లయిన నాలుగేళ్లుగా తలూపుతూనే ఉన్నాను.

నాకు ఒకే పట్టీది కావాలి. ఆ కొలనులో తెగిన కట్లు మా ఆయన ఇంటికి తెస్తే కుట్టేది నేను. అన్నీ క్లిప్పు దగ్గర, అతుకు దగ్గర తెగినవే. బడి సంచులూ అక్కడే తెగుతాయి. ఒకే పట్టీది ఇంతవరకు ఒక్కటీ నా మిషను దగ్గరికి రాలేదు.

5. అది పైకి జారకుండా కాళ్ల మధ్య నుంచి ఇంకో పట్టీ వస్తుంది. నలుగురిలో అది కట్టుకోవాలంటే నాకు సిగ్గు. బొమ్మ చూసి అత్తమ్మ "గిదేందే, గోచి గిట్లున్నది" అంది. నాట్లకు పోయినప్పుడు ఆమె గోచి కట్టినదే కదా. రేపు దాన్ని ఆమే బిగించాలి.

6. నేర్పే రవికిరణ్ గారు "ఆపదలో ఒకే పట్టీ విప్పడం కష్టమండీ, కోసేయాల్సి వస్తుంది" అన్నారు. నా పెద్ద కత్తెర ఆయనకు రాసిస్తున్నాను, సాన పట్టించాను. కొత్త పట్టీ అని జంకవద్దు, కోసేయండి. మళ్లీ కుట్టడానికి నేనుంటాను.

7. అమలు చేయవలసింది మా ఆయన. వీలునామా మనిషి పోయాక చదువుతారు. దీన్ని నేను నీళ్లలో దిగకముందే చదవాలి. నేను పక్కనే నిలబడతాను. నా వైపు చూసి నవ్వకూడదు.

శనివారం, 15 నవంబరు 2025, బోరబండ.

(సంతకం) మర్రి యాదలక్ష్మి

సాక్షులు:
రంగనాథ్, పక్క గదిలో కిరాయికి ఉంటారు.
మర్రి బుచ్చమ్మ, వేలిముద్ర. చదివి వినిపించాక, "గోచి గట్టిగ నేనే కడ్త. నీలం చీర సంగతి నువ్వు నీళ్లలకెళ్లి బయటికొచ్చినంక మాట్లాడుదం" అని వేసింది.