ఆ లైను నీది కాదు, వేణూ

వేణూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. మేట్టుపాళయం గోడౌనులో లారీలు పంపే మన పాత కంప్యూటరు ప్రోగ్రాము ఇంకా నడుస్తోంది. నెల్లితోపు బస్సులో పుస్తకాలు చదివి నేర్చుకున్న ఇద్దరం రాసింది ఇన్నాళ్లు నిలవడమే వింత. ఆ బస్సులో కిటికీ సీటు కోసం నువ్వు పెట్టిన పేచీ వేరే కథ.

రోజూ సాయంత్రం ఎవరి మార్పులు వాళ్లు తమ పేరుతో ఒక ఫోల్డరులో దాచేవాళ్లం కదా. కొత్తగా చేరిన రేవతి వాటన్నిటినీ వరసగా ఏదో టూలులోకి ఎక్కించింది. ఏ లైను ఎవరు రాశారో అది చూపిస్తుందట. ఒకే ఆర్డరుకు రెండు లారీలు పంపించిన ఆ లైను చూపించమన్నాను, నిన్ను తలుచుకుని నవ్వుకుందామని.

"ఏంది తాతా, ఇది వేణు మామది కాదే. నీ ఫోల్డర్లోనే ఉండాది" అంది.

ఆ రోజు ఓనరు అరుస్తుంటే నీవైపు వేలు చూపించింది నేనే. "సరి అన్నా, నేను చూస్తా" అని నువ్వు కూర్చుని సరిచేశావు. సరిచేసినవాడివి, అది ఎవరిదో నీకు తెలిసే ఉంటుంది. చివరిదాకా ఒక్క మాట అనలేదు.

ఆ లైను పైన "వేణు తప్పు" అని నేను టైపు చేసింది ఇంకా అలాగే ఉంది. చెరిపేసి నా పేరు రాశాను. ఆ మార్పు ఎవరు చేశారో కూడా టూలు గుర్తుపెట్టుకుంటుందట. పెట్టుకోనీ.