పసుపు జెండా నా చేతికొచ్చింది

శాంటియాగో, మంగళవారం

చెల్లాయ్ ఒబ్దూలియా,

చేరాను, నడిచే చేరాను, కాళ్ళు ఊడిపోలేదు.

మొదటి రోజే మా గైడు బ్రాయిస్ నా పాత గుడ్డబూట్లు చూసి, "పెద్దమ్మా, వీటితో యాత్ర సాగదు, సామాన్ల వ్యాన్ ఎక్కెయ్" అన్నాడు. అతనివి కొత్త తోలుబూట్లు. మూడో రోజు మెలీదే అనే ఊళ్ళో అవి విప్పితే రెండు మడమలకీ కోడిగుడ్లంత బొబ్బలు! నలభై ఏళ్ళు కుట్టుపని చేసినదాన్ని, చూస్తూ ఊరుకుంటానా? సూది కాల్చి, బొబ్బల్లోంచి దారం దూర్చి నీరు తీసేశాను. "చంపేశావు పెద్దమ్మా!" అని ఊరంతా వినేలా అరిచాడు. చివరికి వ్యాన్ ఎక్కింది అతనొక్కడే. దారి చూపే పసుపు జెండా నా చేతికిచ్చాడు. ఇవాళ ఇరవై ఇద్దరిని వెంటేసుకుని, జెండా పైకెత్తి, యాకోబు అపొస్తలుడి పెద్ద చర్చి ముంగిట్లోకి అడుగుపెట్టాను!

కోళ్ళకి మేత వేస్తున్నావా? నల్లదారం అయిపోయింది, రెండు ఉండలు కొని ఉంచు. నేను నడిచి చేరితే నా పందుల దొడ్డి తానే కడుగుతానని మీ ఆయన లారెయానో అందరిముందూ అన్నాడు కదా. శనివారం వస్తున్నాను. చీపురు తలుపు వెనకాలే ఉంది.

యాకోబు అపొస్తలుడు మీ ఇద్దర్నీ చల్లగా చూడాలి, ముఖ్యంగా మీ ఆయన నడుముని.

మీ అక్క,
ఎవ్‌లాలియా